అన్నయ్యగారి ప్రియదర్శిని

మా పెద్ద తోడల్లుడు సినిమా చూడరు. బొమ్మ చూస్తారు. ఆ రెంటికీ తేడా ఏమిటని అడిగారంటే మీ బంధువర్గంలో ఇలాంటివారు ఇంకా తయారు కాలేదన్నమాట. అదృష్టవంతులు.

వరసకి నాకు అన్నయ్యగారు. కూకట్‌పల్లిలో ఆయన ఫ్లాటు హాల్లో గోడంత టీవీ, దాని కింద చెప్పుల డబ్బా అంత నల్లటి కంప్యూటరు, రెంటినీ కలుపుతూ ఒక హెచ్‌డీఎంఐ తీగ. ఆ తీగకీ సోఫాకీ మధ్య నేలమీద అన్నయ్యగారు. మిగతా సంసారమంతా ఆయన వీపు వెనకాల జరుగుతుంది.

మొన్న సంక్రాంతికి తెనాలి నుంచి మా అత్తయ్యగారు వచ్చారు. పిండివంటల పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మాయాబజార్ పెట్టండి అల్లుడుగారూ" అన్నారు. ఆవిడ చేసిన తప్పు అదొక్కటే.

పేర్లు పడుతుండగానే అన్నయ్యగారు ఆపేశారు. "నలుపు నలుపులా లేదు."

విషయం ఏమిటంటే, టీవీ లెక్కలో కటిక నలుపు 16, తెల్లటి తెలుపు 235. కంప్యూటరు లెక్కలో నలుపు 0, తెలుపు 255. ఒకరు మానికలతో కొలిచి పంపితే రెండోవారు కిలోల్లో పుచ్చుకున్నట్టు, ఈ లెక్కలు కలవకపోతే చీకటి కాస్తా బూడిదైపోతుంది. లేదా చీకట్లో ఉన్నవన్నీ తారులో మునిగిపోతాయి. "1957లో కెమెరామన్ మార్కస్ బార్ట్లీ అంత కష్టపడి వెన్నెల తీస్తే, మనం దాన్ని బూడిద చేసి చూస్తామా?" అన్నారు అన్నయ్యగారు. కళ్ళల్లో నిజంగానే బాధ. ఈ సినిమాకి 2010లో రంగులేసి వదిలారు కదా, దాని పేరెత్తితే కాఫీ కూడా ముట్టరాయన.

"నలుపు సంగతి నాకెందుకు నాయనా, శశిరేఖ వచ్చిందా?" అన్నారు అత్తయ్యగారు.

రాలేదు. ఈలోగా బొమ్మ అడ్డంగా సాగి ఉందని తేలింది. పాత సినిమా దాదాపు చదరంగా ఉంటుంది, ఇప్పటి తెర వెడల్పు. లాగి అంటిస్తే అందరూ మూడోవంతు లావెక్కుతారు. ఎస్వీ రంగారావుగారికి ఫరవాలేదు, ఘటోత్కచుడు ఎంత ఉంటే అంత నిండుదనం. సావిత్రికెందుకా శిక్ష? అది సరిచేశారు. తర్వాత కుదుపు. సినిమా సెకనుకి 24 బొమ్మలు, తెర సెకనుకి 60 సార్లు మారుతుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. సగం సారి చూపించడం కుదరదు కాబట్టి ఒక బొమ్మని రెండుసార్లు, మరోదాన్ని మూడుసార్లు వేస్తుంది. అందుకే కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా గతుకుల రోడ్డెక్కిన ఆర్టీసీ బస్సు. తెరని కూడా 24కి మారిస్తే పోతుంది.

మార్చబోయి ఇంకేదో నొక్కారు. టీవీలో కదలికని నున్నగా చేసే ఏర్పాటొకటి ఉంటుంది, లేని బొమ్మల్ని తనే కల్పించి మధ్యలో ఇరికిస్తుంది. దాంతో ఎంత పెద్ద సినిమా అయినా సీరియల్లా కనిపిస్తుంది. అన్నయ్యగారి ధర్మశాస్త్రంలో అది పంచమహాపాతకాల తర్వాతది. అత్తయ్యగారి మొహం మాత్రం వెలిగిపోయింది. "ఇదిగో, ఇదీ బాగుంది! అచ్చం మన సీరియల్లా ఉంది."

అన్నయ్యగారు ఆ రాత్రి మజ్జిగన్నం వద్దన్నారు.

ఆయన ఇంటికి వెళ్ళినవాళ్ళెవరికీ పరీక్ష తప్పదు. కళ్ళడాక్టరు అద్దాలు మార్చినట్టు ఒక మీట నొక్కి "ఇప్పుడు చూడండి", మళ్ళీ నొక్కి "ఇప్పుడు?" అంటారు. పాలవాడి దగ్గర్నుంచి వియ్యంకుడి దాకా అందరూ "బ్రహ్మాండం" అనేవాళ్ళే. నేను ఒకసారి ఆయన నొక్కకముందే అన్నాను. ఆర్నెల్లు మాట్లాడలేదు.

ఆ కక్ష మా గృహప్రవేశంలో తీర్చుకున్నారు. సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే రిమోటు పట్టుకుని, "వివిడ్‌లో పెట్టావేమయ్యా! అది షోరూం లైట్ల కింద కొట్టొచ్చినట్టు కనబడ్డానికి. ఇంట్లో మనుషులకి కాదు" అంటూ సినిమా మోడ్‌కి మార్చేశారు. మొహాలన్నీ పసుపు తిరిగాయి. "టీవీకి కామెర్లొచ్చాయండీ" అంది మా ఆవిడ. పదిహేను రోజులు ఓపిక పట్టమన్నారు. పట్టి, పదహారో రోజు పాత పద్ధతికి మారిస్తే న్యూస్ చదివే అమ్మాయి నీలమేఘశ్యామలా కనిపించింది. మర్యాదగా సినిమా మోడ్‌కే తిప్పేశాను. ఆయన చెప్పిందే నిజం. ఆయనతో ఉన్న అసలు చిక్కు అదే.

కొన్ని టీవీల్లో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి 'పీసీ' అని పేరు మారిస్తే చాలట, టీవీ తన సొంత తెలివి మానేసి ఇచ్చింది ఇచ్చినట్టు చూపిస్తుంది. ఈ కిటుకు విన్నప్పట్నుంచీ మా వదిన ఆయనకి కూడా ఏదైనా పేరు మార్చే వీలుందా అని అడుగుతోంది.

మాయాబజార్లో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంది కదా, మూత తీస్తే ఎవరికి ఇష్టమైంది వారికి చూపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడు. మా అన్నయ్యగారు తీస్తే సెట్టింగ్స్ పేజీ కనిపిస్తుంది.

నా సంగతి అడిగితే... దూరదర్శన్ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరిచేవాడొకడు ఉండేవాడు. మా ఇంట్లో వాణ్ణి నేనే. శుక్రవారం చిత్రలహరి పాటలన్నీ డాబా మీంచి చెవులతో చూసినవాణ్ణి. నిన్న రాత్రి ఒంటిగంటకి మా ఆవిడ మంచినీళ్ళకి లేచి, టీవీకి జానెడు దూరంలో ఎవరో కూర్చుని ఉండటం చూసి కెవ్వుమంది. షార్ప్‌నెస్ తగ్గిస్తున్నాను, అంతే.

అన్నట్టు, మీ టీవీలో అదెంతలో ఉంది? మరీ ఎక్కువలో ఉంటే మనుషుల చుట్టూ సన్నటి తెల్లగీత కనబడుతూ ఉండాలి. కనబడలేదా? దగ్గరికెళ్ళి చూడండి. మెల్లగా సున్నా వైపు తీసుకురండి.

ఇప్పుడు చూడండి. తేడా తెలిసిందా?