చిమ్నీ బావ

మా పెద్దబావ ఎవరింటికి వెళ్ళినా తిన్నగా వంటింట్లోకి నడుస్తాడు. కాఫీకి తొందరపడుతున్నాడేమో పాపం అనుకుని వాళ్ళు పాలు పొయ్యి మీద పెడతారు. ఆయన స్టవ్ ముందు నిలబడి, నడుం వంచి, మెడ పైకి తిప్పి, చిమ్నీ కడుపులోకి చూస్తాడు. ఫిల్టరు అంచు మీద చూపుడువేలు ఒకసారి రాసి, ఆ వేలు వెలుతురుకు పెట్టి చూసి, "ఎన్నాళ్ళయిందమ్మా కడిగి?" అంటాడు. ఆ ఇల్లాలి ముఖం హోంవర్కు చెయ్యని పిల్ల ముఖంలా అయిపోతుంది.

విద్యుత్తు శాఖలో ఇంజినీరుగా రిటైరైన మనిషి. జిల్లాలో సగం ట్రాన్స్‌ఫార్మర్లను హడలగొట్టిన ఆ అజమాయిషీకి ఇప్పుడు నిజాంపేట ఫ్లాట్‌లో మిగిలింది ఈ చిమ్నీ ఒక్కటే. ఫ్రిజ్‌ని పట్టుకుందామంటే మా అక్క చెయ్యి వెయ్యనివ్వదు.

కొనేటప్పుడే మొదలైంది. షాపు కుర్రాడు "పన్నెండు వందల సక్షన్ సార్" అన్నాడట. "పన్నెండు వందల ఏమిటి?" అన్నాడు బావ. ఆ ప్రశ్న వాణ్ణి అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. గంటకు 1200 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని చివరికి బావే చెప్పి, పాంప్లెట్ వెనకాల లెక్క వేశాడు. వంటిల్లు 10 అడుగుల పొడుగు, 8 వెడల్పు, 10 ఎత్తు. 800 ఘనపుటడుగులు, అంటే ఇంచుమించు 23 ఘనపు మీటర్లు. ఈ యంత్రం అన్నంత పనీ చేస్తే అక్క వంటింట్లో గాలి గంటకి యాభైసార్లు మారిపోవాలి. "నేను చొక్కా కూడా అన్నిసార్లు మార్చనురా అబ్బాయ్. అయినా ఈ అంకె పైపు తగిలించకముందుది. తగిలించాక ఒక్కో వంపు దగ్గరా ఎంత పోతుందో అది చెప్పు" అన్నాడు. కుర్రాడు మేనేజర్ని పిలుచుకొచ్చాడు. మేనేజరు అడక్కుండానే డిస్కౌంటు ఇచ్చి సాగనంపాడు.

బిగించడానికి వచ్చినవాడు పైపుని కబోర్డుల మీంచి మూడు వంపులు తిప్పి తీసుకెళ్తానన్నాడు. బావ ఒక్క వంపు ఇచ్చాడు. ఆరంగుళాల పైపుని నాలుగంగుళాల కన్నంలోకి నొక్కబోతే, గోడ కన్నమే పెద్దది చేయించాడు. స్టవ్‌కీ చిమ్నీకీ మధ్య టేపు పెట్టి 28 అంగుళాలు కొలిచాడు: బాగా కిందికుంటే సెగ కొడుతుంది, బాగా పైకుంటే పొగ పక్కనుంచి జారుకుంటుంది. ఇదంతా సబబేనని ఒప్పుకోక తప్పదు. ఆయనతో ఉన్న పెద్ద చిక్కే అది. చెప్పేదాంట్లో తప్పు దొరకదు.

వంటింటి చట్టాలు వేరే ఉన్నాయి. మూకుడు వేడెక్కకముందే చిమ్నీ వెయ్యాలి, దింపాక పది నిమిషాలదాకా కట్టకూడదు. అది నడిచేటప్పుడు ఫ్యాను తిరగకూడదు, పొగ చెదిరిపోతుంది. మే నెలలో చెమటలు కక్కుతూ అక్క పప్పు పోపు పెడుతుంటే గుమ్మంలో నిలబడి, "చూశావా, పొగ ఎంత తిన్నగా వెళ్తోందో!" అని మురిసిపోతాడు. ఎండుమిరపకాయల ఘాటుకి ఎవరైనా దగ్గితే మంచినీళ్ళు ఇవ్వడు. కాగితం తెచ్చి ఫిల్టరుకి ఆనిస్తాడు. అంటుకుని నిలబడితే మన గొంతుది తప్పు. జారిపడితే చిమ్నీది.

నూనె గిన్నె సంగతి చెప్పాలి. ఆటోక్లీన్ మీట నొక్కితే లోపలున్న జిడ్డు వేడికి కరిగి కింద చిన్న గిన్నెలోకి దిగుతుంది. లోకంలో అందరూ దాన్ని పారబోస్తారు. ఈయన పరిశీలిస్తాడు. ఓసారి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళొచ్చి, చెప్పులైనా విప్పకుండా గిన్నె లాగి చూసి, "నేను లేనప్పుడు బజ్జీలు వేసుకున్నారు" అన్నాడు. పిల్లలు తలలు దించుకున్నారు. అక్క మాత్రం, "పునుగులు కూడా" అంది.

మా తమ్ముడి గృహప్రవేశంలో హోమం పొగకి హాలంతా కళ్ళు తుడుచుకుంటుంటే, వంటింట్లోంచి బావ గొంతు వినిపించింది. "పంతులుగారూ, కుండం ఇటు తెచ్చుకోండి, స్పీడు మూడులో పెట్టాను!" పంతులుగారు మంత్రం ఆపకుండా చేత్తోనే వద్దన్నారు. తర్వాత భోజనాల దగ్గర అన్నారు, "ఆ పొగ దేవతలకి చేరాలి బాబూ. మీ పైపు యుటిలిటీలోకి పంపిస్తుంది." బావ ఆ మాట గురించి నిజంగానే ఆలోచించాడు. పప్పులో నెయ్యి వేసుకోవడం కూడా మరిచిపోయాడు.

ఇలాంటి మనిషి మీద విసుగు ముదిరే సమయానికి ఆయన ఓ ఘనకార్యం చేసి పెడతాడు. పై అంతస్తువాళ్ళింట్లో వంటింటి ఫాల్స్ సీలింగ్ మీద పసుపు మరకలు, ఎక్కడ చూసినా బొద్దింకలు. లీకేజీ అనుకుని ప్లంబర్ని పిలిపించారు. బావ నిచ్చెనెక్కి పలక తప్పించి చూస్తే, చిమ్నీ పైపు గోడదాకా వెళ్ళనే లేదు! బిగించిన మహానుభావుడు దాన్ని సీలింగ్‌లోకి దోపి వదిలేశాడు. వేపుడు పొగంతా అక్కడే చేరి జిడ్డు కడుతోంది. మూకుట్లో మంట లేచి ఆ జిడ్డుకి అందుకుంటే ఏమయ్యేదో చెప్పేసరికి వాళ్ళావిడ చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆయన అక్కడితో ఆగి దిగిపోతే దేవుడయ్యేవాడు. నిచ్చెన మీదే నిలబడి బ్యాఫిల్ ఫిల్టరుకీ మెష్ ఫిల్టరుకీ తేడా, అల్యూమినియానికి కాస్టిక్ సోడా తగిలితే అది ఎలా నల్లబడి తినేసుకుపోతుందో, పైపు మూతికి వల కట్టకపోతే పావురాలు ఎలా గూడు పెడతాయో అన్నీ చెప్పాడు. కింద నిచ్చెన పట్టుకున్నది నేను.

ఆ ఉపన్యాసం నన్నూ పాడుచేసింది. ఈ మధ్య పరాయి వంటిళ్ళలో నాకు తెలియకుండానే తల పైకి లేస్తోంది. మా ఆవిడ జబ్బ గిల్లి హాల్లోకి లాక్కొస్తోంది.

ఇంతకీ అక్క వాళ్ళ చిమ్నీ కొన్ననాటిలాగే తళతళలాడుతూ ఉంటుంది. సర్వీసుకి వచ్చిన కుర్రాడు, "సార్, దీన్ని వాడుతున్నారా అసలు?" అని అడిగాడు. బావ పొంగిపోయాడు. రహస్యం యుటిలిటీలో ఉంది. అక్కడ ఒంటి బర్నరు స్టవ్ ఒకటి పెట్టించాడు. అప్పడాలు, వడియాలు, చేపల వేపుడు, జిడ్డు పుట్టించేవన్నీ అక్కడే. చిమ్నీ కింద ఇడ్లీలు, పాలు, పెసరకట్టు. అంటే పొగ లాగడానికి కొన్న యంత్రం కింద పొగ రాకుండా మా అక్క కాపలా కాస్తోంది.

కానీ పొగకి ఇంజినీర్లంటే భయం లేదు. యుటిలిటీలో వేయించిన చేపల వాసన కిటికీలోంచి తిన్నగా వంటింట్లోకి వస్తోంది. మొన్న వెళ్ళేసరికి బావ టేపు పట్టుకుని యుటిలిటీ గోడ కొలుస్తున్నాడు. "ఒరేయ్, ఇక్కడ కూడా ఒకటి బిగిస్తే?" అన్నాడు.

అక్క ఏమీ అనలేదు. వాచ్‌మన్ భార్యని పిలిచి, మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన చోటుందేమో కనుక్కోమంది.