ఒక ఇంటర్న్‌షిప్ రిపోర్టు ఆత్మకథ

ఇంజినీరింగ్ కాలేజీ రిపోర్టులో ‘నేను’ అనే మాట కనపడకూడదన్నది గైడ్ల నియమం. ‘నేను పరీక్షించాను’ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి ‘పరీక్షించడమైనది’ అని దిద్దుతారు. ఆ క్రమశిక్షణలో పెరిగింది కాబట్టి ఈ రిపోర్టు తన ఆత్మకథను కూడా ప్రథమపురుషలోనే చెప్పుకుంటుంది.

దీని అట్ట పుట్టింది దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో పట్టాల కింది జిరాక్స్ సెంటర్లో. నల్ల రెక్సిన్, బంగారు అక్షరాలు, ఒక రాత్రి బైండింగ్. ఇందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు. లోపలి సరుకు మాత్రం కంచన్‌బాగ్‌ది. ఎల్బీనగర్ నుంచి సాగర్ రింగ్ రోడ్డు, కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగా సాగే ఇన్నర్ రింగ్ రోడ్డు ఒవైసీ జంక్షన్ దాటగానే మిధానికి చేరుస్తుంది. 2021 డిసెంబరులో అక్కడ తెరిచిన ఫ్లైఓవర్‌కు అబ్దుల్ కలాం పేరు పెట్టారు. 1982లో రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా హైదరాబాదు వచ్చిన కలాం పనిచేసింది ఆ చుట్టుపక్కలే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండే ఒక మెకానికల్ విద్యార్థి వేసవి ఇంటర్న్‌షిప్ కోసం రోజూ వెళ్లింది ఈ దారినే.

మిధాని అంటే మిశ్ర ధాతు నిగమ్. 1973లో రక్షణ శాఖ కింద ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు జనం చూసేది నిప్పును. ఆ నిప్పును పట్టి ఉంచే గొట్టం ఎవరికీ గుర్తురాదు. పీఎస్ఎల్వీ రాకెట్ మొదటి దశ మోటారు వ్యాసం 2.8 మీటర్లు. దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం అందులో మండుతుంది. దాని కేసింగు, అంటే ఆ గొట్టం, మారేజింగ్ స్టీలుతో చేసింది. మిధాని ఇస్రో కోసం తయారుచేసే లోహాల్లో అది ముఖ్యమైనది. ఈ రిపోర్టు విషయమూ అదే.

మామూలు ఉక్కుకు గట్టితనం కార్బన్ వల్ల వస్తుంది. కార్బన్ పెరిగితే పెళుసుతనమూ పెరుగుతుంది, వెల్డింగ్ దగ్గర పగుళ్లు వస్తాయి. మారేజింగ్ స్టీల్లో కార్బన్ 0.03 శాతానికి మించదు. దాని బదులు 18 శాతం నికెల్, సుమారు 8 శాతం కోబాల్ట్, 5 శాతం మాలిబ్డినం, కాస్త టైటానియం ఉంటాయి. ఇందులో మలినాలు మిగలకుండా శూన్యంలో కరిగించి, మళ్లీ శూన్యంలోనే ఆర్కుతో కరిగిస్తారు. 820 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి గాలికి చల్లారబెడితే లోహం మెత్తగానే ఉంటుంది. రాక్‌వెల్ సి కొలమానంలో 30 దగ్గర. వంచడం, చెక్కడం, వెల్డింగ్ అన్నీ అప్పుడే ముగిస్తారు. తర్వాత 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే (దీన్నే ఏజింగ్ అంటారు) నికెల్, మాలిబ్డినం, టైటానియం కలిసి కంటికి కనపడని రేణువులు ఏర్పడతాయి. లోహం వంగాలంటే స్ఫటికాల్లోని పొరలు ఒకదానిమీద ఒకటి జారాలి. రేణువులు ఆ జారుడుకు అడ్డుపడతాయి. గట్టితనం 50కి చేరుతుంది, కొలతలు మాత్రం దాదాపు మారవు. స్లాబుల్లో వేసే ఫె 500 కడ్డీ 500 మెగాపాస్కల్స్ దాటాక శాశ్వతంగా సాగిపోవచ్చు. ఈ ఉక్కు సుమారు 1,700 దాకా ఓర్చుకుంటుంది.

రిపోర్టు గర్వమంతా నాలుగో అధ్యాయంలో ఉంది. సంస్థ పరిచయం, కృతజ్ఞతలు, ధ్రువపత్రం ఏ రిపోర్టులోనైనా ఒకటే. నాలుగో అధ్యాయంలో మాత్రం విద్యార్థి కళ్లతో చూసి, జేబు పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్న అంకెలు ఉన్నాయి. ఏజింగ్ ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ గట్టితనం ఎక్కి, రేణువులు మరీ పెద్దవయ్యే వేడిమి దగ్గర మళ్లీ దిగే గ్రాఫు అది. అందులో ఒక చుక్క గీతకు దూరంగా పడింది. చెరిపేస్తే గ్రాఫు అందంగా ఉండేది. విద్యార్థి చెరపలేదు. నమూనా మీద పొలుసు పూర్తిగా పోకపోతే అంకె తక్కువ చూపుతుందని కింద రాశాడు.

వైవా రోజున ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అట్ట తెరిచి మార్జిన్లు కొలిచారు, సంతకాలు లెక్కపెట్టారు, పేజీ నంబర్లు కింద మధ్యలో ఉన్నాయో లేదో చూశారు. నాలుగో అధ్యాయం దాకా ఎవరూ రాలేదు. ఆ తర్వాత రిపోర్టు డిపార్ట్‌మెంటు బీరువాలోకి పోయింది. వర్షాకాలంలో రెక్సిన్‌కు బూజు పట్టింది. పై వరుసలో పడ్డ కొత్త రిపోర్టుల బరువుకు దీని వెన్ను వంగింది. తనిఖీ బృందం వస్తుందంటేనే బీరువా తలుపు తెరుచుకునేది. బట్టతో దులిపి, వీపు మీది సంవత్సరం కనపడేలా నిలబెట్టేవారు. బృందం వెళ్లగానే మళ్లీ తాళం. 1,700 మెగాపాస్కల్స్ గురించి రాసిన కాగితాలను పేపర్ పురుగు ఏ పరీక్షా లేకుండానే తొలిచింది.

రిపోర్టుకు పాఠకులు లేకపోయినా సంతానానికి కొదవలేదు. జిరాక్స్ సెంటర్ కంప్యూటర్లో సాఫ్ట్ కాపీ మిగిలిపోయింది. గడువు దగ్గరపడ్డ జూనియర్లు పెన్‌డ్రైవులతో వచ్చి దాన్ని పట్టుకుపోయారు. కొలిమి మొహం చూడనివారు పేరు మార్చారు, సంవత్సరం మార్చారు, కొందరు లోహం పేరు కూడా మార్చారు. అల్యూమినియం అని రాసిన కాపీలో కూడా గట్టితనం 50 దగ్గరే ఉంది, చుక్క కూడా గీతకు అంతే దూరంలో ఉంది. దాని కింది వివరణ మాత్రం పేజీలు తగ్గించడానికి తీసేశారు.

చివరికి బీరువా ఖాళీ చేయాల్సి వచ్చి రిపోర్టులన్నీ తూకానికి వెళ్లాయి. రెక్సిన్ అట్టలు పాత కాగితాల్లో చెల్లవు కాబట్టి కొనేవాడు ముందు వాటిని చించి పక్కన పడేశాడు. మార్జిన్లు సరిగ్గా ఉన్న రిపోర్టుకూ లేనిదానికీ, కొలిచి రాసినదానికీ ఎత్తి రాసినదానికీ కిలోకు ఒకటే ధర కట్టాడు.