సరిహద్దులో నేరం, సెంటర్లో న్యాయం

రసాయనాయుధాలు ఉంచుకోబోమని 1992లో పాకిస్థాన్‌తో కలిసి సంతకం చేశాం. 1997లో అంతర్జాతీయ రసాయనాయుధాల నిషేధ ఒప్పందం కోసం అటకెక్కి చూస్తే వెయ్యి టన్నులకు పైగా మస్టర్డ్ గ్యాస్! పోనీలెండి, 2009కల్లా అంతా ధ్వంసం చేశాం. లోకానికి నీతులు చెప్పే అమెరికావారు మాత్రం గడువు మీద గడువు తోసి, 2023 జులైకి ఎట్టకేలకు అయిందనిపించారు. మన ఉయ్యూరు వీరమ్మ తిరునాళ్లే నయం, పదిహేను రోజులంటే పదిహేను రోజులే!

అన్నట్టు, అదే అంతర్జాతీయ ఒప్పందంలో ఇంకో విచిత్రం. బాష్పవాయువును యుద్ధంలో శత్రుసైనికుడి మీద వదిలితే నిషేధ ఉల్లంఘన. ధర్నాలో సొంత పౌరుడి మీద వదిలితే శాంతిభద్రతల పరిరక్షణ. ఒప్పందంలో ఉన్న 193 దేశాలకూ ఇదే సూత్రం. కాబట్టి బకాయిల కోసం రోడ్డెక్కే చెరకు రైతన్నలూ, జెండాతోపాటు తడి తువాలూ తెచ్చుకోండి.