ఫొటో చాలు, కారణం వద్దు

గౌరవనీయులైన తెలంగాణ పంచాయతీరాజ్ శాఖ పెద్దలకు మహదేవపూర్ మండల గ్రామస్తుడొకడు నమస్కరించి రాసుకునే విన్నపం.

విషయం: చదువుకున్నవాళ్లను కొలువులోకి తీసుకున్నందువల్ల తమరికి కలుగుతున్న ఇబ్బందుల గురించి.

అయ్యా,

2018 ఆగస్టులో తమరు 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు ప్రకటన ఇచ్చి, డిగ్రీ ఉంటేనే రమ్మన్నారు. చిక్కంతా అక్కడే మొదలైంది. బీటెక్‌లు, పీజీలు చేసినవాళ్లు కూడా పరీక్ష రాసి కొలువు తెచ్చుకున్నారు. నెలకు 15,000 జీతం, మూడేళ్ల ప్రొబేషన్ అంటే తలూపారు. కానీ చదువుకున్నవాళ్లకు లెక్కలు వస్తాయి కదా! మూడేళ్లు నాలుగేళ్లయితే ఇట్టే పసిగట్టారు. ఆ నాలుగో ఏడూ గడిచాక, 2023 ఏప్రిల్ 28న సమ్మెకు దిగారు. మే 9 సాయంత్రం 5 గంటలలోగా చేరకుంటే తొలగిస్తామన్నారు తమరు. వాళ్లడిగింది క్రమబద్ధీకరణ ఆర్డరు, అందింది గడువు. ఆ ఏడాదే పనితీరు లెక్కగట్టి క్రమబద్ధీకరణ మొదలుపెట్టారు, సంతోషం.

ఇక పని సంగతి. తెల్లారితే మోరీలు, చెత్త ట్రాక్టరు, నర్సరీ. అన్నిటికీ యాప్‌లో ఫొటో. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకుంటే సర్పంచి, కార్యదర్శుల కొలువులకే ఎసరని 2018 పంచాయతీరాజ్ చట్టం. మంచి నిబంధనే. మా మండలంలోనే మేడిగడ్డ బరాజు ఉంది. 2019 జూన్‌లో ప్రారంభమైన దాని పిల్లర్లు 2023 అక్టోబరు 21న కుంగాయి. ఎంత శాతం నిలబడాలో కట్టినవాళ్లకూ ముందే చెప్పి ఉండాల్సింది.

మొక్క ఎందుకు ఎండిందని చదువుకున్న కార్యదర్శిని అడిగి చూడండి. ట్యాంకరు డీజిల్ బిల్లు ఎన్నాళ్లుగా ఆగిందో, ఆ నేలలో ఏ మొక్క నిలవదో విడమర్చి చెబుతాడు. ఆ జవాబు వినాల్సివస్తుందనే కాబోలు, ఫొటోతో సరిపెడుతున్నారు. తెలివిని పరీక్ష పెట్టి ఎంచుకొని, కొలువిచ్చాక ఫొటో మాత్రమే చూపమనడం ఏం ధర్మమో తమరే చెప్పాలి.

కావున నా మనవులు:

1. ఇకమీదట ఉద్యోగ ప్రకటనలో ‘ఆలోచించే అలవాటున్నవారు అనర్హులు’ అని స్పష్టంగా రాయండి.

2. ఎన్నేళ్ల ప్రొబేషన్ అన్నారో అన్నేళ్లకే ఆర్డరు చేతికివ్వండి.

3. యాప్‌లో ఫొటో పక్కన కారణం రాసే గడి పెట్టండి. రాసినదానికి పదిహేను రోజుల్లో, పై అధికారి సంతకంతో జవాబివ్వండి.

మూడోది ఒప్పుకుంటే మొదటిదాన్ని కొట్టేయవచ్చు.

ఇట్లు,
మహదేవపూర్ మండల ఓటరు