బొమ్మ పడింది, మాట పడిపోయింది

టీవీ తెర మీద "ఈ ఆడియో ఫార్మాట్‌కు సపోర్ట్ లేదు" అని నోటీసు అంటించే అధికారి గారి సముఖానికి,

విషయం: ఇంటి టీవీలకు మాట తెప్పించుట గురించి.

అయ్యా,

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, పెన్‌డ్రైవ్ పెట్టి సినిమా నొక్కితే మా టీవీలో బొమ్మ అద్దంలా వస్తోంది. హీరో నోరు తెరుస్తున్నాడు, విలన్ నోరు తెరుస్తున్నాడు, మాట మాత్రం బయటికి రావడం లేదు. తమరి నోటీసు ఇలా కనబడి అలా మాయమవుతుంది. ఆ తర్వాత రెండున్నర గంటలూ మూకీయే. తెలుగు సినిమాకు మాట వచ్చి తొంభై ఏళ్లు దాటిన సంగతి తమ కార్యాలయానికి ఇంకా చేరినట్టు లేదు.

ఇందులో పెద్ద బ్రహ్మరహస్యమేమీ లేదు. సినిమా ఉన్న ఎంకేవీ ఫైలు టిఫిన్ క్యారియర్ లాంటిది. ఒక గిన్నెలో వీడియో, ఒక గిన్నెలో ఆడియో, ఇంకో గిన్నెలో సబ్‌టైటిల్స్. ఏ గిన్నెలో ఏం పెట్టినా క్యారియర్ కాదనదు. పేచీ అంతా తినేవాడి దగ్గరే. వీడియో గిన్నె మూత చకచకా తీసే టీవీ, ఆడియో గిన్నె మీద డీటీఎస్ అనే ఫార్మాట్ పేరు కనబడగానే చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. మూత తీయడం చేతకాక కాదు, తీసినందుకు కట్టాల్సిన లైసెన్సు రుసుము కట్టడం ఇష్టం లేక. టీవీలు చేసే పెద్ద కంపెనీల్లో ఒకటి 2018 మోడళ్ల నుంచి డీటీఎస్‌ను తీసేసింది. మరొకటి 2020లో తీసేసి, 2023లో కొన్ని మోడళ్లకు తిరిగి ఇచ్చింది. అంటే కొన్న సంవత్సరాన్ని బట్టి మన హీరోకు మాట వస్తుంది, లేదంటే పోతుంది. అదే ఫైలును ఫోన్లోని వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ హాయిగా వినిపిస్తుంది. 1996లో ఫ్రాన్స్‌లో ఇంజినీరింగ్ విద్యార్థులు మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఇప్పటికీ మమ్మల్ని పైసా అడగదు.

డీటీఎస్ చరిత్ర తమకు తెలియనిది కాదు. 1993లో జురాసిక్ పార్క్‌తో థియేటర్లలో అడుగుపెట్టింది. అప్పట్లో ఫిల్మ్ మీద దాని టైమ్‌కోడ్ గుర్తులు మాత్రం ఉండేవి, డీటీఎస్ ధ్వని వేరే సీడీల మీద తిరిగేది. బొమ్మకూ మాటకూ పుట్టుకతోనే వేరు కాపురమన్నమాట. అయినా మా ఊళ్లలో థియేటర్ల వాళ్లు ఆ మూడు అక్షరాలను పోస్టర్ల మీద పెద్దగా వేయించి జనాన్ని రప్పించుకున్నారు. ఆ అక్షరాలు చూసి టికెట్టు కొన్నవాళ్లమే, ఇప్పుడు ఫైలు పేరు చివర అవే కనబడితే ఉలిక్కిపడుతున్నాం.

తమరు కదిలేదాకా కూర్చోలేక జనం తమ తంటాలు తాము పడుతున్నారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వీడియోకు "కాపీ" అని, ఆడియోకు "ఏసీ3" అని, బిట్‌రేట్ 640 కె అని చెబితే చాలు. బొమ్మను ముట్టుకోకుండా మాటనొక్కదాన్నే మార్చి ఇస్తుంది. వీడియోను కూడా తిరగరాయమంటే గంటలు పట్టే పని, ఇలాగైతే నిమిషాల్లో తేలిపోతుంది, బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. ఏసీ3 పేటెంట్ల గడువు 2017లోనే తీరిపోయింది, చాలా టీవీలకు ఆ ఫార్మాట్ తెలుసు. పైగా డిస్కు మీది 1509 కెబీపీఎస్ డీటీఎస్ రెండున్నర గంటలకు సుమారు 1.7 జీబీ తింటే, 640 కెబీపీఎస్ ఏసీ3కి 720 ఎంబీ చాలు. ఒక్క జాగ్రత్త: "మ్యాప్ 0" అని చెప్పకపోతే ఒక్క ఆడియో ట్రాకే మిగులుతుంది. నాలుగు భాషలున్న ఫైల్లో తెలుగు పోయి హిందీ మిగిలిందంటే ఇంట్లో మరో సినిమా మొదలవుతుంది. మరో ఇబ్బంది ఏమంటే, 5.1 ధ్వనిని రెండు స్పీకర్లకు కుదిస్తే మధ్య చానెల్లో ఉండే డైలాగు నీరసపడి, ఫైటు మాత్రం పక్కింటిదాకా వినబడుతుంది. అందుకే అసలు ఫైలును చెరపకుండా దాచుకుంటున్నాం.

ఇదంతా సినిమా పిచ్చోళ్ల గోల అని తమరు ఫైలు మూసేయకండి. పాత ఫోన్లలో తీసిన 3జీపీ వీడియోల్లో ధ్వని ఎక్కువగా ఏఎంఆర్‌లో ఉంటుంది. ఫోను సంభాషణల కోసం పుట్టిన ఫార్మాట్ అది, సెకనుకు 8,000 శాంపిళ్లే. అమ్మమ్మ పాడిన మంగళహారతి అందులో ఉంది. దానికీ తమరి నోటీసే. ఆమె ఏ కంపెనీకీ లైసెన్సు రుసుము బాకీ లేదు. మేమే ఆ ధ్వనిని ఏఏసీలోకి మార్చుకుని విన్నాం. కంప్యూటర్ ముట్టుకోని ఇళ్లలో మాత్రం ఆ గొంతు ఫైల్లోనే ఉండిపోతుంది.

కావున తమరిని కోరేవి మూడే:

ఒకటి, టీవీ అట్టపెట్టె మీద అంగుళాలు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తున్నారో, ఏ ఆడియో ఫార్మాట్లు పలుకుతాయో, ఏవి పలకవో అంతే పెద్దగా వేయించండి.

రెండు, నోటీసులో ఫార్మాట్ పేరు రాయండి. జబ్బు పేరు తెలిస్తే మందు మేమే వెతుక్కుంటాం.

మూడు, లైసెన్సు కొనడం కంపెనీకి బరువైతే, కావాల్సినవాళ్లు తర్వాత డబ్బు కట్టి తెచ్చుకునే వీలైనా పెట్టండి. ఎంతో చెబితే కట్టాలో వద్దో మేం తేల్చుకుంటాం. చెప్పకుండా మాట కోసేయడం మాత్రం న్యాయం కాదు.

ఈ మనవికి జవాబు డీటీఎస్‌లో పంపినా అభ్యంతరం లేదు, మార్చుకుని వింటాం.

ఇట్లు,
బొమ్మకూ మాటకూ కలిపి డబ్బు కట్టిన వినియోగదారుడు