డెక్క ఉంది, గుర్రమే లేదు

మా అమ్మాయి ఏడో తరగతి. మొన్న సెలవుల్లో "నాన్నా, నాకు గుర్రపు స్వారీ నేర్పించవా?" అంది. బెజవాడలో అడగాల్సిన కోరికేనా అది! అయినా గుర్రానికి మనకేం కొదవ? బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ... ఏ వంతెన ఎక్కి చూసినా నీళ్లు కనబడనంత గుర్రపు డెక్క. ఆ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. అంత దూరం నుంచీ డెక్క వచ్చేసింది. పైనుండాల్సిన గుర్రమే దారిలో ఎక్కడో దిగిపోయింది.

వెతగ్గా తేలిందేమంటే, మా ఊళ్లో గుర్రం విడిభాగాలుగా దొరుకుతుంది. ఆటోనగర్ ఉన్న ఊరు కదా! డెక్క కాలవలో ఉంది. నాడా గుమ్మం మీద ఉంది. "నల్ల గుర్రం కాలిదేనండీ, దిష్టికి తిరుగులేదు" అని అమ్మేవాడు ఒట్టేస్తాడు. ఆ నల్ల గుర్రాన్ని చూసినవాడు మాత్రం లేడు. బలం పొలంలో ఉంది, ఐదు హెచ్‌పీ మోటారు రూపంలో. పేరు ఇంటిపేర్లలో ఉంది. ఇక నిఖార్సైన గుర్రమంటే, ఇల్లు విడిచిన సిద్ధార్థుణ్ణి మోసుకెళ్లిన కంథకం. అమరావతి శిల్పులు దాన్ని రాతిలో నిలబెట్టారు. ఆ శిల్పాల్లో ఓ వాటా మద్రాసులో ఆగింది, ఇంకో వాటా 1859లోనే లండన్‌కు ఓడెక్కింది. మన పిల్లలకంటే ముందే, వీసా గొడవ లేకుండా!

డెల్టాని తప్పుపట్టలేం. 1855లో ఆనకట్ట పూర్తయ్యాక ఇది నీళ్ల రాజ్యం. సరుకు పడవల్లో పోయేది. దమ్ము చేలో గుర్రం దిగితే గట్టు మీది దున్నపోతు కూడా నవ్వుతుంది. ఊళ్లో జట్కాలు లాగిన గుర్రాల్ని రిక్షాలూ, ఆటోలూ సాగనంపాయి. మిగిలింది పెళ్లిగుర్రం. పెళ్లికొడుకు దానిమీద రెండు వీధులు ఊరేగుతాడు. కత్తి అతని చేతిలో, కళ్ళెం గుర్రంవాడి చేతిలో. సోమవారం ఆఫీసుకెళ్లినా అదే ఏర్పాటు గనక అతనికేం కొత్తగా అనిపించదు.

చివరికి ఊరి బయట ఓ చోటు దొరికింది. ఒక రేకుల షెడ్డు, ఒక తెల్ల గుర్రం, లెక్కపెట్టుకోడానికి వీలుగా దాని పక్కటెముకలు. గుర్రం బక్కదైనా రేటు మాత్రం బలిసే ఉంది. యజమాని అడిగింది ఒకటే: "ఫొటోనా, వీడియోనా?" హెల్మెట్ అంటే "మొహం కనబడదండీ" అన్నాడు. నేర్పుతారా అంటే జాలిగా చూశాడు. "నేర్పడానికేముందండీ, మేం పట్టుకుంటాం, పాప కూర్చుంటుంది."

సరిగ్గా నేర్పే చోట మొదటి పాఠం నేలమీదే మొదలవుతుంది. గుర్రం ఒళ్లు తోమాలి. డెక్కలో ఇరుక్కున్న రాళ్లు తీయాలి. జీను బిగించడం చూడాలి. ఎక్కాక రికాబులో మడమ కిందికి, చూపు ముందుకి. ముందు నడక, పరుగు చాలా రోజుల తర్వాత. పడితే లేచి, దులుపుకుని, మళ్లీ ఎక్కాలి. ఇదంతా చెబితే మా బావమరిది ఓపిగ్గా విని, "దీనికి ఎంసెట్‌లో వెయిటేజీ ఉందా బావా?" అన్నాడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మనవాళ్లు డ్రెసేజ్‌లో జట్టు స్వర్ణం గెలిచారనీ, స్వారీలో మనకు స్వర్ణం రావడం 41 ఏళ్ల తర్వాతనీ చెప్పాను. "మంచిదే. ఇంతకీ వాళ్లకి సీటెక్కడొచ్చింది?" అన్నాడు.

ఆ షెడ్డు నుంచి వస్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. పక్కనే ఓ కాలేజీ బస్సు ఆగింది. రాత్రి ఎనిమిదైంది. కిటికీల వెంట యూనిఫారాలు, పుస్తకాల్లోకి వంగిన తలలు. ఒక్కడూ బయటికి చూడలేదు. స్కూటర్ వెనక నుంచి మా అమ్మాయి భుజం తట్టింది.

"నాన్నా, కళ్ళెం ఆయనే పట్టుకుంటే, నేను స్వారీ చేసినట్టెలా అవుతుంది?"

పచ్చ లైటు పడింది గనక బతికిపోయాను. ఎనిమిదో తరగతి ఐఐటీ ఫౌండేషన్‌కు ఆ పొద్దునే కట్టిన అడ్వాన్సు రసీదు ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది.