నారు పోసినవాడు

నారు పోసినవాడు నీరు పోయకపోవునా యని మన పెద్దలు భరోసా యిచ్చిరి గాని, నారు పోసినవాడు నీటితోపాటు యూరియా, డి.ఏ.పి., వేపపిండి, పంచగవ్యము, మీదుమిక్కిలి నిన్నటి పుల్లమజ్జిగయు పోయునేని ఆ నారు గతి యేమగునో వారు విచారించినట్లు కానరాదు. వారి కాలమున మా మూడవ అంతస్తు మామయ్యగారి వంటివారు లేకపోవుటయే యిందులకు కారణమని నా నమ్మకము.

మామయ్యగారు ఉద్యోగవిరమణ చేసి నాలుగేండ్లయినది. మనుమలు సముద్రముల కావల నుండుటచే, వారికి కొసరి కొసరి తినిపింపవలసిన గోరుముద్దలన్నియు చేతిలోనే మిగిలిపోయి, ఆ వాత్సల్యమంతయు హాలులోని తూర్పు కిటికీ యంచున 30 కాగితపు కప్పులలో మొలచిన టమాట, మిరప నారుపై కుంభవృష్టిగా కురియ నారంభించినది. గింజ మొలచునపుడు తన సద్దిమూటను తానే కట్టుకొని వచ్చుననియు, బీజదళములే యా మూట యనియు, అసలాకులు పొడసూపువరకు దానికి తడియు వెలుతురును చాలుననియు ఎవరైన చెప్పబోయిరా, "పసిదానికి ఆకలైతే నోరుంటుందటోయ్ చెప్పడానికి?" అని కండ్లు చెమర్చుకొందురు. నూటికి 46 పాళ్లు నత్రజనియే గల యూరియాను, పొలములో కమతమునంతటిని తలచుకొని చల్లవలసిన వస్తువును, టీ చెంచాతో కొలిచి టీ కప్పులో వేయు సాహసము వారికే చెల్లినది. ప్రక్క స్థలములో పునాదులు త్రవ్విన యెఱ్ఱమట్టిని, ఊరక వచ్చినది గదా యని, ఆ కప్పులలో కూరిరి. అది తడిసిన బంకయు, ఎండిన ఇటుకయు. బలమంతయు కారిపోవునని కప్పు లడుగున చిల్లైనను పెట్టలేదు.

ఐదవనాటి యుదయమునకు ఆకుల కొనలు నిప్పులపై మఱచిన యప్పడమువలె మాడి, అంచులు పైకి ముడుచుకొని, మట్టిమీద తెల్లని చౌడు తేలెను. మామయ్యగారు దానిని నీరసమని నిర్ణయించి, మోతాదు రెట్టింపు చేసిరి. రోగమునకు రోగమునే మందుగా నిచ్చు ఈ వైద్యము మఱి రెండు దినములు సాగిన పిమ్మట, అత్తయ్యగారు వంటయింటి గడప దాటి వచ్చిరి.

"మాగాయ ముక్కల మీద ఉప్పు చల్లితే ఏమవుతుందండీ?"

"ఊట దిగుతుంది."

"మీ మొక్కలకూ అదే. నీళ్లు పీల్చుకోవలసిన వేళ్లలోంచి మీ ఉప్పులే నీళ్లు లాగేస్తున్నాయి."

వృక్షశాస్త్ర పండితులు పుటల కొలది వ్రాయు విషయమును ఆమె జాడీ మూత తీసినంత సులువుగ విప్పిచెప్పుట చూచి నేను నివ్వెరపడితిని. పిదప ఆమె దబ్బనముతో ప్రతి కప్పునకు అడుగున చిల్లులు పొడిచి, ఉప్పుబోరు నీటిని కాదని మంజీరా నీటిని సన్నగా పోసి, అడుగునుండి ధారగా జాఱిపోవువరకు నిలిచి, అట్లు ముమ్మాఱు కడిగెను. వేళ్లు నల్లబడని వానిని మాత్రము, లేత కాడ నలుగకుండ ఆకును పట్టి యెత్తి, బాగుగా కడిగి ఉప్పు పోగొట్టిన కొబ్బరిపొట్టులో కొంత ఇసుకయు గుప్పెడు వానపాముల యెరువును కలిపిన గుల్లమట్టిలో నాటెను. మాడిన యాకు మరల పచ్చబడదు. దానినే చూచుచు బెంగపడక, క్రొత్తగా పుట్టు నాకును బట్టి రోగి స్థితి నెఱుగవలెను. అంతవరకు చేయవలసిన చికిత్స మఱేమియు లేదు.

ఏమియు చేయకుండుటయే మామయ్యగారికి అసాధ్యము. రాత్రి రెండింటికి హాలులో దీపము వెలిగినది, చెంచా చప్పుడైనది. మఱునాడే అత్తయ్యగారు ఆయనను గిరిప్రదక్షిణకని పదిదినములు అరుణాచలము పంపివేసిరి. యూరియా డబ్బా మా యింటి అటకమీద అజ్ఞాతవాసము చేసెను.

ఆయన తిరిగివచ్చునప్పటికి 19 మొక్కలు బ్రదికి, నడినెత్తిన చిలుకపచ్చని చిగుళ్లతో నిలిచియున్నవి. "చూశావుటోయ్, నేను పెట్టిన బలం ఇప్పుడు పనిచేస్తోంది!" అని నా వీపు తట్టి, చెప్పులైనను విడువక కిటికీ కడకు నడచిరి. బూడిదలో పొటాషు గలదని రైలులో ఎవరో చెప్పినారట.

"ఏమండీ, ఆ గుప్పిట్లో ఏమిటి?"

"విభూతేనే! ప్రసాదమేగా, ఎరువు కాదుగా!"